అప్‌గ్రేడ్ అవ్వాలన్నా పాత వెర్షనే కావాలి: లినక్స్ రిపాజిటరీలు నడిపేవారికి బహిరంగ లేఖ

ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ డిస్ట్రిబ్యూషన్ల (పొట్టిగా డిస్ట్రోలు) రిపాజిటరీలు, అంటే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు దించుకునే సర్వర్లు (పొట్టిగా రెపోలు) చూసుకునేవారికి, వాటి కాపీలు ఉంచే మిర్రర్ సర్వర్లు నడిపేవారికి, తమ సాఫ్ట్‌వేర్ కోసం సొంత రెపో పెట్టుకున్న కంపెనీలకు,

నమస్కారం.

మీలో చాలామంది పైసా తీసుకోకుండా, సొంత పనులు అయ్యాక మిగిలిన టైమ్‌లో ఈ పని చేస్తున్నారని తెలుసు. అందుకు థాంక్స్. ఇక విషయానికి వస్తాను, ఎందుకంటే ఈ మాట అడగాల్సిన చోట ముందే అడిగాం, సరైన జవాబు రాలేదు.

మేం వాడే ఒక సర్వర్ సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని తయారుచేసే కంపెనీయే దాని రెపో కూడా నడుపుతుంది. పేరు చెప్పను, ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఒక్కరి మీద పడి ఏడ్చి లాభం లేదు. ఆ కంపెనీ రాసిన అప్‌గ్రేడ్ గైడ్‌లోనే స్పష్టంగా ఉంటుంది: పాత వెర్షన్ నుంచి ఒక్క దూకులో కొత్తదానికి రావద్దు, మధ్యలో ఫలానా వెర్షన్ దగ్గర ఆగాలి, అక్కడ డేటా ఫార్మాట్ మారే పని పూర్తయ్యాకే ముందుకు కదలాలి అని. సరే, ఆగుదాం అనుకున్నాం. తీరా చూస్తే ఆ ఆగమన్న వెర్షనే రెపోలో లేదు. ఎప్పుడు తీశారో, ఎందుకు తీశారో ఎక్కడా రాయలేదు. టికెట్ పెడితే ఒక్క లైను జవాబు వచ్చింది, ఆ వెర్షన్‌కు సపోర్ట్ ముగిసింది, దయచేసి లేటెస్ట్‌కి అప్‌గ్రేడ్ అవ్వండి అని. అయ్యా, అప్‌గ్రేడ్ అవ్వడానికే కదా అడుగుతున్నది! అదే మాట ఇంకాస్త వివరంగా రాశాం, టికెట్ క్లోజ్ చేశారు. మళ్లీ తెరిస్తే ఈసారి ఆ ఒక్క లైను కూడా రాలేదు.

ఇది ఒక కంపెనీతో పోయే వ్యవహారమైతే ఇంత పెద్ద లేఖ అక్కర్లేదు. పాత వెర్షన్ అంటే చెత్త, తీసేస్తే సర్వర్‌లో చోటు మిగులుతుంది అనే అలవాటు రెపోలు నడిపే చాలామందిలో పాతుకుపోయింది. మీ దగ్గర మిగిలేది కాస్త డిస్క్. దాని ఖర్చు మాత్రం ఎక్కడో ఉన్న, మీకు ముఖపరిచయం కూడా లేని మనుషుల నెత్తిన పడుతోంది.

ముందు ఇప్పటి పరిస్థితి ఏంటో చెప్పుకుందాం. మీకు తెలిసిందే, కానీ ఈ లేఖ చదివే మామూలు యూజర్లకు తెలియకపోవచ్చు.

చాలా రెపోల్లో ఒక ప్యాకేజీకి దొరికేది ఇవాళ్టి వెర్షన్ మాత్రమే. ఉబుంటులో రిలీజ్ రోజున వచ్చిన వెర్షన్, ఆ తర్వాతి అప్‌డేట్లలో ఆఖరిది దొరుకుతాయి. మధ్యలో వచ్చినవన్నీ మెయిన్ ఆర్కైవ్ నుంచి మాయమైపోతాయి. ఫెడోరా అప్‌డేట్స్ రెపో కూడా ఇంచుమించు అంతే. ఆల్పైన్‌లో అయితే ఒక బ్రాంచ్‌లో కొత్త బిల్డ్ రాగానే పాతది పోతుంది. అందుకే డాకర్‌ఫైల్‌లో (సాఫ్ట్‌వేర్‌ను కావాల్సినవన్నీ కలిపి కంటెయినర్‌గా కట్టే సూచనల ఫైల్) వెర్షన్ నంబర్ కచ్చితంగా రాసుకున్న బుద్ధిమంతుడికే ముందు ఎర్రర్ వస్తుంది, ఏమీ రాయనివాడు హాయిగా ఉంటాడు. జాగ్రత్తపడ్డవాడికే శిక్ష!

వేరే దారి లేదా అంటే ఉంది, చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. డెబియన్ స్నాప్‌షాట్ సర్వీసులో 2005 నుంచి డెబియన్ ఆర్కైవ్ ఉన్నది ఉన్నట్టు, రోజుకు ఒకటికంటే ఎక్కువసార్లు భద్రమవుతోంది. యూఆర్‌ఎల్‌లో తేదీ, టైమ్ రాస్తే ఆ వేళకు రెపో ఎలా ఉండేదో అలాగే కనిపిస్తుంది. ఆర్చ్ అనే డిస్ట్రో వాళ్లకు తేదీలవారీ ఆర్కైవ్ ఉంది. అంతకుముందు ఆర్చ్ రోల్‌బ్యాక్ మెషీన్ అని ఒకటి ఉండేది, అది 2013లో మూతపడితే ఊరుకోకుండా ఆ పనిని మళ్లీ ఎత్తుకున్నారు. ఉబుంటు కూడా 2023 మార్చి నుంచి ఉన్న స్థితులను స్నాప్‌షాట్ సర్వీసుగా ఇస్తోంది, 24.04లోని ఆప్ట్‌కు (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే కమాండ్) తేదీ చెప్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. ఉబుంటు ప్యాకేజీలు తయారయ్యే లాంచ్‌ప్యాడ్ సైట్‌లో తవ్వితే మధ్యలో వచ్చిన బిల్డ్‌లూ దొరుకుతాయి. కెర్నల్ డాట్ ఆర్గ్‌లో 1991 నాటి లినక్స్ 0.01 సోర్స్ ఇప్పటికీ ఉంది. కాబట్టి టెక్నికల్‌గా కుదరదు అనే జవాబు మాత్రం ఇవ్వకండి.

ఇక మీరు తీసేసినందువల్ల జనానికి ఏం జరుగుతోందో వరుసగా చెప్తాను.

1. అప్‌డేట్ చెడగొడితే వెనక్కి వెళ్లే దారి ఉండదు. నిన్నటిదాకా ప్రింటర్ పనిచేసింది, రాత్రి అప్‌డేట్ అయింది, పొద్దున ప్రింట్ రావట్లేదు. ఆ మనిషికి అప్పటికప్పుడు కావాల్సింది నిన్నటి వెర్షన్. బగ్ రిపోర్ట్ తర్వాత తీరిగ్గా రాస్తాడు. ఫెడోరా వాడే డీఎన్‌ఎఫ్‌లో హిస్టరీ అన్‌డూ అని చక్కటి కమాండ్ ఉంది, కానీ పాత ప్యాకేజీ రెపోలో లేకపోతే అది మాత్రం ఏం చేస్తుంది, దొరకలేదని చెప్పి ఆగిపోతుంది. పోనీ తన మెషీన్లోనే పాత ఫైల్ మిగిలి ఉంటుందా అంటే, ఆప్ట్ కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేస్తే పని అవ్వగానే డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌ను చెరిపేయడమే డిఫాల్ట్. డీఎన్‌ఎఫ్ కూడా మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప ఉంచుకోదు. ఆర్చ్ వాడే ప్యాక్‌మ్యాన్ ఒక్కటే నయం, మనం తీసేదాకా ఉంచుతుంది. ఆప్ట్-గెట్‌లో ఆటోక్లీన్ సంగతి ఇంకా విచిత్రం. ఇకపై డౌన్‌లోడ్‌కు దొరకని ప్యాకేజీ ఫైళ్లను మాత్రమే తీసేస్తుందని, అవి పెద్దగా పనికిరానివని దాని మాన్యువల్ పేజీలో ఉంటుంది. ఇంకెక్కడా దొరకని ఫైలే కదా అన్నిటికంటే విలువైనది? ఆ వాక్యం చదివినప్పుడల్లా నవ్వాలో ఏడవాలో అర్థం కాదు.

2. అప్‌గ్రేడ్‌కే అడ్డం పడుతోంది. మా కథ పైన చెప్పాను. అందరికీ తెలిసిన ఉదాహరణ కావాలంటే కుబర్నెటీస్ (చాలా సర్వర్లను ఒక క్లస్టర్‌గా కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) చూడండి. పాత ఆప్ట్, యమ్ రెపోలను 2024 మార్చిలో తీసేశారు. న్యాయంగా చెప్పాలంటే నెలల ముందే ప్రకటించారు, ఎందుకో వివరించారు, కొత్త రెపో ముందే సిద్ధం చేశారు. చాలా కంపెనీల కంటే వెయ్యి రెట్లు నయం. కానీ ఆ కొత్త రెపోలో 1.24 నుంచి ఉన్నవే పెట్టారు. క్లస్టర్‌ను ఒక్కో మైనర్ వెర్షన్ చొప్పున పైకి తీసుకెళ్లాలనేది కూడా కుబర్నెటీస్ నియమమే. అంటే 1.22 దగ్గర ఆగిపోయినవాడు 1.23 మీదుగా రావాలి, ఆ 1.23 ప్యాకేజీ అక్కడ లేదు. ఆలస్యం చేయడం అతని తప్పే అనుకుందాం. ఇప్పుడు సరిదిద్దుకుందామని బయల్దేరినవాడికి దారి ఎందుకు మూసేయాలి? ఎప్పటికీ అక్కడే ఉండిపొమ్మనా?

3. ఒక్క పొద్దున బిల్డ్‌లన్నీ ఎర్రబారిపోతాయి, అంటే ఫెయిల్ అవుతాయి. సెంట్ఓఎస్ 8 అనే డిస్ట్రో గుర్తుంది కదా. 2029 దాకా ఉంటుందనుకున్నది 2021 చివరితోనే ముగుస్తుందని 2020 డిసెంబర్‌లో చెప్పారు. 2022 జనవరి ఆఖరున ఫైళ్లు మిర్రర్ల నుంచి వాల్ట్ అనే పాత ఫైళ్ల సర్వర్‌కు వెళ్లిపోయాయి. ఫైళ్లు పోలేదు, నిజమే. అడ్రస్ మారింది, పాత అడ్రస్‌లో కొత్తదాని జాడ లేదు. యాప్‌స్ట్రీమ్ అనే రెపో మెటాడేటా డౌన్‌లోడ్ కాలేదన్న ఎర్రర్ చూసి తమ నెట్ పోయిందేమో అని కేబుళ్లు పీకి పెట్టినవాళ్లు ఎందరో. సెంట్ఓఎస్ 7కు 2024 జూన్ 30తో గడువు ముగిసింది, ఆ వెంటనే మిర్రర్‌లిస్ట్ అనే హోస్ట్ పేరే లేకుండా పోయింది. డెబియన్ 9 ఫైళ్లు 2023లో మెయిన్ మిర్రర్ల నుంచి ఆర్కైవ్ సర్వర్‌కు తరలినప్పుడు కూడా ఇదే గోల, పాత ఇమేజ్ మీద కట్టుకున్న కంటెయినర్లన్నీ 404 అంటూ కూలాయి. పెద్ద కంపెనీకి ఇది ఒక టీమ్ ఒక రోజు పని. ఒక్కడే అన్నీ చూసుకునే చిన్న ఆఫీసులో, పాత సిస్టమ్‌ను ఎవరో కట్టి వదిలి వెళ్లిపోయిన చోట, తల ప్రాణం తోకకొస్తుంది. తరలించడం తప్పనడం లేదు. రీడైరెక్ట్ పెట్టడానికి సర్వర్ కాన్ఫిగరేషన్‌లో ఎన్ని లైన్లు పడతాయో మీకే బాగా తెలుసు.

4. పరిశోధన చేసేవాళ్ల లెక్కలు మళ్లీ రావు. ఒక పేపర్లో వచ్చిన ఫలితం సరైనదేనా అని చూడాలంటే అదే కోడ్, అదే డేటా ఉంటే సరిపోదు. గణితం చేసే లైబ్రరీ, కంపైలర్, సీ లైబ్రరీ మారితే దశాంశాల్లో తేడా వస్తుంది, ఒక్కోసారి ఆ తేడా పెరిగి పెరిగి అసలు ఫలితం దాకా పాకుతుంది. ఆ రోజున్న మొత్తం వాతావరణం కావాలి. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి: ఒక్క ప్యాకేజీని దాచి లాభం లేదు. అది ఆధారపడిన లైబ్రరీలు, వాటి లైబ్రరీలు, అన్నీ ఆ తేదీవే ఉండాలి. అందుకే తేదీలవారీ ఆర్కైవ్ అంటున్నాను. విడివిడి ఫైళ్లను ఒక ఫోల్డర్‌లో పడేసి ఇదిగో పాతవి అంటే అది గోదాం అవుతుంది తప్ప ఆర్కైవ్ కాదు.

5. పాత కంప్యూటర్లు, పాత పరికరాలు ఉన్నవాళ్లు. 32 బిట్ మెషీన్లను ఆర్చ్ 2017లో వదిలేసింది, ఫెడోరా, ఉబుంటు 2019లో, డెబియన్ 13 వచ్చేసరికి 2025లో వాళ్లూ ఇన్‌స్టాలర్, కెర్నల్ ఇవ్వడం ఆపేశారు. మీ నిర్ణయాలకు కారణాలున్నాయి, ఒప్పుకుంటాను. కానీ ల్యాబ్‌లో ఒక కొలత పరికరం ఉంటుంది, దాని డ్రైవర్ ఒకే ఒక్క పాత కెర్నల్‌తో పనిచేస్తుంది, పరికరం ఖరీదు కంప్యూటర్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, దాన్ని నెట్‌కు కూడా కలపరు. అలాంటి మెషీన్‌లో డిస్క్ పోతే పాత ఇన్‌స్టాలర్, పాత ప్యాకేజీలు తప్ప ఇంకో గతి లేదు.

6. ఏం జరిగిందో తేల్చుకోవడానికి ఆధారాలు పోతున్నాయి. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే పాతవి ఉంచితే భద్రతకు ముప్పు అని మీరు చెప్పే వాదనకు అసలు జవాబు ఇక్కడే ఉంది.

2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే టూల్) సంగతి బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (దూరంగా ఉన్న సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) అర సెకను ఆలస్యం అవుతోందేంటా అని తవ్వుకుంటూ పోతే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి దొరికింది. అప్పుడు డెబియన్, ఫెడోరా లాంటి డిస్ట్రోలు ఏం చేశాయి? వెనక్కి, 5.4కు వెళ్లాయి. డెబియన్ ఇచ్చిన వెర్షన్ నంబర్ చూడండి: 5.6.1+రియల్లీ5.4.5-1. పైకి 5.6.1 కంటే కొత్తదిలా కనిపిస్తుంది కాబట్టి ఆప్ట్ దాన్ని అప్‌గ్రేడ్ అనుకుని పెట్టేసుకుంటుంది, లోపల ఉన్నది 5.4.5. అంటే ఆ రోజు కోట్ల మెషీన్ల దాకా పాకకుండా ఆపిన మందు ఏదో కొత్త కోడ్ కాదు, ఒక పాత వెర్షన్. అదే సమయంలో గిట్‌హబ్ ఆ ప్రాజెక్ట్ రిపాజిటరీని కొన్నాళ్లు మూసేసింది, దాంతో పరిశీలించాలనుకున్నవాళ్లకు వేరేచోట్ల మిగిలిన కాపీలే దిక్కయ్యాయి.

ఇంకాస్త వెనక్కి వెళ్తే 2008. డెబియన్ ఇచ్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో (రహస్య కీలు తయారుచేసే లైబ్రరీ) 2006లో చేసిన ఒక చిన్న మార్పు వల్ల రెండేళ్లపాటు తయారైన కీలన్నీ ఊహించగలిగేవిగా మారాయి. ఒక్కో రకం కీకి, ఒక్కో సైజుకు ఉన్న అవకాశాలు 32,768 మాత్రమే, ఎందుకంటే యాదృచ్ఛికతకు మిగిలింది ప్రాసెస్ నంబర్ ఒక్కటే. ఏ వెర్షన్ నుంచి మొదలైంది, ఏ వెర్షన్‌లో తయారైన కీలు మార్చాలి, ఆ బలహీనమైన కీల జాబితా ఏంటి అని తేల్చాలంటే చెడ్డ వెర్షనే చేతిలో ఉండాలి. చెడ్డదాన్ని చెరిపేస్తే చెడు పోదు, దాన్ని గుర్తుపట్టే సాధనం పోతుంది.

క్రాష్ అయిన ప్రోగ్రామ్ కోర్ డంప్ (ఆ క్షణాన మెమరీలో ఉన్నదాని కాపీ) చదవాలన్నా అంతే. సరిగ్గా ఆ బిల్డ్‌కే చెందిన డీబగ్ సింబల్స్ (ఏ ముక్క ఏ కోడ్ లైనుదో చెప్పే సమాచారం) ఉండాలి, పక్క బిల్డ్‌వి పనికిరావు. చాలాచోట్ల బైనరీ (నడపడానికి సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్) కంటే ముందే వాటిని తీసేస్తారు. రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ కోసం ఇన్నేళ్లుగా పడుతున్న శ్రమ ఉంది కదా, ఏ సోర్స్ నుంచి ఈ బైనరీ వచ్చిందో ఎవరైనా మళ్లీ కట్టి సరిచూసుకోవచ్చని. దానికి బిల్డ్‌ఇన్ఫో ఫైల్‌లో కంపైలర్ నుంచి ప్రతి డిపెండెన్సీ దాకా కచ్చితమైన వెర్షన్లు రాస్తారు. ఆ వెర్షన్లు ఎక్కడా దొరకకపోతే ఆ ఫైల్‌లో ఉన్నది పేర్ల జాబితా మాత్రమే.

ఇక మీ వైపు నుంచి వచ్చే మాటలు రెండు.

మొదటిది, పాత వెర్షన్లలో లోపాలుంటాయి, అందుబాటులో ఉంచితే జనం వాడతారు. వాడతారు, నిజం. కానీ మీరు తీసేస్తే వాడటం మానేస్తారనుకోవడం భ్రమ. ఆ ఫైల్ పేరు పట్టుకుని వెతుకుతారు, ఎవరో ఊరూ పేరూ లేని వెబ్‌సైట్‌లో అదే పేరుతో ఉన్న ఫైల్ దొరుకుతుంది, సూడో కొట్టి, అంటే పూర్తి అధికారం ఇచ్చి, పెట్టేస్తారు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ప్యాకేజీలో ఉన్న స్క్రిప్ట్‌లు రూట్ అధికారంతో నడుస్తాయని వాళ్లలో ఎంతమందికి తెలుసు? మీ దగ్గర సంతకంతో, హెచ్చరికతో ఉన్న పాత ఫైల్ ప్రమాదమా, ముక్కూ మొహం తెలియని చోట నుంచి తెచ్చిన అదే ఫైల్ ప్రమాదమా? ఇందులో ఆలోచించాల్సింది ఏముంది.

రెండోది, ఖర్చు. ఇది నిజమైన సమస్య, కొట్టిపారేయను. నిక్స్ఓఎస్ అనే డిస్ట్రో బైనరీ క్యాష్‌కు (కట్టి సిద్ధంగా ఉంచిన ప్యాకేజీల నిల్వ) ఏళ్లుగా డబ్బు కడుతున్న స్పాన్సర్ 2023లో తప్పుకుంటే ఆ ఫౌండేషన్ అందరి ముందుకూ వచ్చి సాయం అడగాల్సి వచ్చింది. అడిగారు, దాచలేదు, గుట్టుగా సగం డేటా చెరిపేయలేదు. నాకు నచ్చింది అదే. డిస్క్ మనం అనుకున్నంత పట్టదు కూడా: డెబియన్ స్నాప్‌షాట్ ప్రతి ఫైల్‌నూ దాని హ్యాష్ (ఫైల్‌లో ఉన్నదాన్ని బట్టి లెక్కించే గుర్తు) పేరుతో ఒక్కసారే దాస్తుంది, అదే ఫైల్ వెయ్యి తేదీల్లో కనిపించినా డిస్క్ మీద ఉండేది ఒకటే. రెండు పొద్దులకు మధ్య రెపోలో మారేది కొద్ది ప్యాకేజీలే కాబట్టి తేదీలవారీగా దాచడం అంటే రోజూ మొత్తం రెపో కాపీ చేయడం కాదు. కొనేది డిస్క్ కంటే ఎక్కువగా బ్యాండ్‌విడ్త్, అందులో వాటా మా యూజర్లది కూడా ఉంది, దాని గురించి కింద రాశాను.

మేం అడుగుతున్నవి ఇవి:

1. తీసేయకండి, తరలించండి. తరలించినప్పుడు పాత అడ్రస్ నుంచి కొత్తదానికి రీడైరెక్ట్ పెట్టండి. కనీసం ఆరు నెలల ముందు చెప్పండి, అది కూడా ఎవరూ చదవని ఒక మూలలో కాకుండా రెపో మొదటి పేజీలోనే.

2. ఒకసారి జనంలోకి వదిలిన ప్రతి వెర్షన్నూ, ఆ రోజు ఇండెక్స్ ఫైళ్లతో సహా, తేదీ ప్రకారం ఉంచండి. కొత్త రిలీజ్ మొదటి వెర్షన్, ఆఖరి వెర్షన్ మాత్రమే ఉంచి మధ్యవి పారేయడం ఆపండి. తేడా ఎక్కడ వచ్చిందో వెతికేవాడికి కావాల్సింది ఆ మధ్యవే.

3. బైనరీతో పాటు దాని సోర్స్, బిల్డ్‌ఇన్ఫో, డీబగ్ సింబల్స్ కలిపి ఉంచండి. సోర్స్ విషయంలో ఇది దయాధర్మం కాదు. జీపీఎల్ లైసెన్స్ రెండో వెర్షన్ ప్రకారం సోర్స్ ఇస్తామని రాతపూర్వకంగా హామీ ఇచ్చి బైనరీ పంచినవాళ్లు కనీసం మూడేళ్లు ఆ మాట మీద ఉండాలి.

4. సంతకాలు, కీల సంగతి చూడండి. పాత ఆర్కైవ్ తెరిస్తే రిలీజ్ ఫైల్ గడువు దాటిందని ఆప్ట్ మొరాయిస్తుంది, లేదా కీ ఎక్స్‌పైర్ అయిందంటుంది. జనం ఏం చేస్తున్నారు? సోర్సెస్ లిస్ట్‌లో ట్రస్టెడ్=యెస్ అని రాసి మొత్తం తనిఖీనే ఆపేస్తున్నారు. గడువు తనిఖీని మాత్రమే ఆపే సెట్టింగ్ వేరే ఉందని, అది సంతకం తనిఖీని ముట్టుకోదని ఆర్కైవ్ పేజీలోనే రాయండి. రిటైరైన కీలను డెబియన్ తన కీరింగ్ ప్యాకేజీలో వేరే ఫైల్‌గా ఇస్తోంది. మిగతావాళ్లూ ఆ పద్ధతి తీసుకోవచ్చు.

5. ఆర్కైవ్‌ను వేరే హోస్ట్ పేరుతో పెట్టండి, ఏ డిస్ట్రోలోనూ అది డిఫాల్ట్‌గా ఆన్ అయి ఉండకూడదు. తెలిసిన లోపాలున్న వెర్షన్‌కు ఆ సంగతి మెటాడేటాలోనే చేర్చండి, ఇన్‌స్టాల్ చేసేవాడికి స్క్రీన్ మీద కనిపించాలి. ఎక్స్‌జెడ్ లాంటి విషపు ప్యాకేజీలను మాత్రం మామూలుగా ఇన్‌స్టాల్ అవ్వకుండా, అడిగి తీసుకునే చోట పెట్టండి.

6. అప్‌గ్రేడ్ గైడ్‌లో ఏ వెర్షన్ దగ్గర ఆగమని రాశారో ఆ వెర్షన్ రెపోలో ఉండాలి. గైడ్ ఉన్నంతకాలం ఉండాలి. ఇది అడిగి చెప్పించుకోవాల్సిన విషయమా అసలు!

7. కంపెనీలకు ప్రత్యేకంగా: మీరు దాచలేకపోతే కనీసం దాచేవాళ్లను ఆపకండి. ఓపెన్ సోర్స్ కాని డ్రైవర్లు, ఫర్మ్‌వేర్, టూల్స్‌ను వేరేవాళ్లు మిర్రర్ చేయకూడదని మీ లైసెన్స్‌లో ఉంటుంది. మీ సర్వర్ నుంచి తీసేసిన రోజున అది లోకంలోనే లేకుండా పోతుంది. సపోర్ట్ ముగిసిన వెర్షన్లను మార్చకుండా యథాతథంగా పంచుకోవచ్చని ఒక్క వాక్యం చేర్చండి.

8. ప్యాకేజీ టూల్స్ రాసేవాళ్లకు: అప్‌గ్రేడ్ అయ్యాక ముందటి వెర్షన్ ఒక్కదాన్నయినా మెషీన్లో ఉంచడం డిఫాల్ట్ చేయండి, చోటు తక్కువున్నవాళ్లు ఆపుకుంటారు. ఆటోక్లీన్ చెరిపేముందు, ఇవి మళ్లీ దొరకవు అని ఒక ముక్క చెప్తే బాగుంటుంది.

9. ఇది పెద్ద పెద్ద బిల్డ్ ఫార్మ్‌లు నడిపే కంపెనీలకు. ప్రతి బిల్డ్‌కూ, ప్రతి గంటకూ అవే ఫైళ్లను వాలంటీర్లు నడిపే ఆర్కైవ్ నుంచి లాగుతారు, అవతల సర్వర్ రేట్ లిమిట్ పెడితే దాని మీద మళ్లీ కంప్లయింట్ చేస్తారు. మధ్యలో ఒక క్యాష్ పెట్టుకోవడం మీకు ఒక పూట పని. ఆ ఆర్కైవ్‌ల మీద మీ వ్యాపారం నడుస్తోంది కాబట్టి డిస్కులో, డబ్బులో, కనీసం ఒక మిర్రర్‌లో మీ వాటా ఇవ్వండి.

మా వైపు నుంచి చేయాల్సిందీ ఉంది. సర్వర్లు చూసుకునే ప్రతివాళ్లూ తాము వాడే ప్యాకేజీలకు సొంత కాపీ పెట్టుకోవాలి: డెబియన్, ఉబుంటు అయితే ఆప్ట్‌లీలో స్నాప్‌షాట్ తీసుకోవచ్చు, ఫెడోరా లాంటి ఆర్‌పీఎం ప్యాకేజీల వైపు రెపోసింక్ ఉంది. ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్యాకేజీ అసలు ఫైల్ ఎక్కడా దొరక్కపోతే డీప్యాకేజ్-రీప్యాక్ (dpkg-repack)తో ఉన్నదాని నుంచే మళ్లీ .డెబ్ కట్టుకోవచ్చు, అచ్చం అసలుదే కాదు, సంతకమూ ఉండదు, అయినా ఆపదలో పనికొస్తుంది. డెబియన్ పాత వెర్షన్లన్నీ దించుకోవాలంటే డెబ్‌స్నాప్ ఉంది. ఇవన్నీ చేస్తాం, చేస్తున్నాం. కానీ ఇవి ఇప్పటి నుంచి ముందుకు పనికొచ్చేవి. నిన్న మీరు తీసేసినదాన్ని మేం తిరిగి తయారుచేయలేం, ఆ కాపీ మీ బ్యాకప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

పైన ఉన్న తొమ్మిదీ ఒక్కసారిగా అవుతాయని ఎవరూ అనుకోవట్లేదు. ఈ నెలలో చేయగలిగింది ఒకటుంది: మీ రెపో మొదటి పేజీలో, పాత వెర్షన్లను ఎంతకాలం ఉంచుతారో, ఆ తర్వాత ఎక్కడికి తరలిస్తారో, దొరకనివాళ్లు ఎవరిని అడగాలో నాలుగు లైన్లు రాయండి. అసలు ఉంచడం కుదరదంటే అదే రాయండి. మా ఏర్పాట్లు మేం చేసుకుంటాం, కానీ తీసేయకముందు చేసుకోవాలి కదా.

ఇట్లు,
సర్వర్లు చూసుకునే ఒక లినక్స్ యూజర్